మొగకు రావలసిన నీరు

గోదావరికి వరద వచ్చిన ప్రతి ఏడూ పత్రికల్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: ధవళేశ్వరం నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కుల నీరు వృథాగా సముద్రం పాలవుతోంది. చిన్నప్పటి నుంచి చదువుతూ వస్తున్న వాక్యం కాబట్టి అందులో తప్పేమైనా ఉందేమోనని నాకు చాలాకాలం తోచలేదు. పోలవరం నుంచి రాయలసీమలోని బనకచర్లకు 200 టీఎంసీల గోదావరి నీరు తరలించే ప్రతిపాదన మీద రెండు తెలుగు రాష్ట్రాలూ వాదులాడుకుంటున్న రోజుల్లో ఒక సాయంత్రం టీవీ చర్చ చూస్తున్నాను. అన్ని విషయాల్లోనూ విభేదించుకున్న ఇద్దరు వక్తలు ఒక్క దగ్గర మాత్రం ఏకమయ్యారు. సముద్రంలోకి పోయే నీరు ఎవరికీ పనికిరాని నీరేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. అప్పుడు నేను కాకినాడ దగ్గరి కోరంగి మడ అడవిని ఆనుకుని ఉన్న మా మేనమామ గారి ఊళ్లో ఉన్నాను. ఆ ఉదయమే ఆ ఊరి వన సంరక్షణ సమితి వాళ్లతో కలిసి మోకాటిలోతు బురదలో ఒక పూట గడిపి వచ్చాను. కాళ్లకు పట్టిన బురద వాసన ఇంకా పూర్తిగా వదల్లేదు.

ఆ రెండూ ఒకే రోజున జరిగి ఉండకపోతే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. నది సముద్రంలో కలిసే మొగను బాగుచేయడం అంటే నీటికి దారి ఇవ్వడం. ఆ నీటిలో ఒక భాగం పోటుతో సముద్రం వైపు నుంచి వస్తుంది, ఇంకొక భాగం గోదావరి వైపు నుంచి రావాలి. మొదటిదానికి దారిని ఊరివాళ్లు పారలతో తవ్వి తెచ్చుకున్నారు. రెండోది వాళ్ల చేతిలో లేదు, దాని గురించి వాళ్లను అడిగినవాళ్లూ లేరు. ప్రజల భాగస్వామ్యం అని సభల్లో వాళ్లను మెచ్చుకునే మనం ఆ రెండో భాగం దగ్గర నోరు మెదపకపోతే, ఆ మెప్పు వాళ్లకు చేసే మేలేమీ లేదని నా అభిప్రాయం.

పర్ర

పోటు నీరు ఎక్కి, నిలిచి, ఎండి, ఉప్పు తేలిన నేలను మా వైపు పర్ర అంటారు. ఎండాకాలంలో దాని మీద నడిస్తే పై పొర అప్పడంలా విరుగుతుంది, కింద మాత్రం కాలు దిగబడే నల్లటి బురద ఉంటుంది. సమితిలో మొదటి నుంచీ ఉన్న ఒక పెద్దాయన, నేను బాబాయ్ అని పిలిచే మనిషి, ఆ పొరను గోటితో పెళ్లగించి నాలుక మీద వేసుకుని, ఉమ్మి, నన్నూ రుచి చూడమన్నాడు. ఉప్పగా ఉంటుందనుకున్నాను. నాలుక పట్టేసేంత చేదుగా ఉంది. "కూరలో వేసుకునే ఉప్పు కాదబ్బాయ్ ఇది. ఇక్కడికి నీరు వత్తది గానీ తిరిగి పోదు. పోని నీళ్లలో ఏ మొక్కా బతకదు" అన్నాడు.

ఆయన రెండు మాటల్లో చెప్పినదాన్నే శాస్త్రవేత్తలు తమిళనాడులోని పిచ్చావరం మడ అడవుల్లో ఏళ్లతరబడి కొలిచి తేల్చారు. అడవిని కూపులు కూపులుగా, అంటే ముక్కల వారీగా, మొత్తం నరికేసిన చోట నేల ఎండకు నేరుగా గురవుతుంది. మట్టిలోని నీరు ఆవిరై, మట్టి కుదించుకుపోయి, నేల పళ్లెంలా దిగబడుతుంది. అమావాస్యకూ పున్నమికీ వచ్చే పెద్ద పోట్లకు ఆ పళ్లెంలోకి నీరు ఎక్కుతుంది, పాటు తీసినా, అంటే పోటు వెనక్కి తగ్గినా, బయటికి పోలేక అక్కడే ఎండుతుంది. ప్రతి పక్షానికీ కొంత ఉప్పు చేరుతూ చేరుతూ చివరికి తెల్లమడ వంటి మొండి చెట్టు కూడా మొలవలేని స్థితి వస్తుంది. తెల్లమడ ఉప్పుకు భయపడే చెట్టు కాదు. ఎండలో దాని ఆకు తిప్పి చూస్తే తాను పీల్చిన ఉప్పును ఆకుల ద్వారా బయటికి తోసేసిన తెల్లటి నలుసులు కంటికి కనిపిస్తాయి. అలాంటి చెట్టే ఓడిపోయిన చోట నర్సరీ సంచిలో పెంచిన మొక్కను తెచ్చి నాటితే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీశాఖ, ఊళ్లలోని సమితులు కలిసి గోదావరి, కృష్ణ మొగల్లో చేసిన పని ఈ అవగాహన మీదే నిలబడింది. సహజంగా ఉన్న పాయ నుంచి 45 డిగ్రీల కోణంలో ఒక పెద్ద కాలవ తవ్వుతారు. దానికి రెండు పక్కలా 30 డిగ్రీల కోణంలో పిల్లకాలవలు తీస్తారు. పైనుంచి చూస్తే చేపముల్లులా ఉంటుంది. కాలవ పైన వెడల్పుగా, అడుగున ఇరుకుగా ఉండాలి, లేకపోతే గట్టు బురద జారి రెండు నెలల్లో పూడిపోతుంది. మొక్కను గట్టు మీద కాకుండా, కాలవ వాలులో పోటు నీరు తగిలి వెళ్లే ఎత్తున నాటుతారు. కాలవ తవ్విన తర్వాత వచ్చే ప్రతి పోటూ కొంత ఉప్పును కడిగి పాటుతో పట్టుకుపోతుంది. ఎక్కడ కాలవ తీయాలో, పోటు ఏ మూల నుంచి ముందు ఎక్కుతుందో చెప్పింది మాత్రం వలలు కట్టే మనుషులే. ఏ పటాలూ లేకుండా ఆ నేల వాలు వాళ్ల కాళ్లకు తెలుసు.

అయితే ఆ కాలవలు ఒకసారి తవ్వి వదిలేసే పని కాదు. పోటు తెచ్చే ఒండ్రు రోజూ కొంత అడుగున చేరుతూనే ఉంటుంది, గట్టు బురద జారుతుంది, పీతలు బొరియలు తవ్వి దాన్ని ఇంకా వదులు చేస్తాయి. పూడిక తీయకపోతే కొన్నేళ్లలో చేపముల్లులోని చిన్న ముళ్లు ఒక్కొక్కటే మూసుకుపోతాయి, పర్ర మళ్లీ పర్ర అవుతుంది. నేను వెళ్లిన పూట జరుగుతున్నది ఆ పూడికతీతే. పన్నెండు మంది వచ్చారు. ఆ రోజు వాళ్లలో ఎవరూ వేటకు పోలేదు, ఎవరికీ కూలి రాలేదు.

మొక్కల లెక్క

మడ అడవుల గురించి వచ్చే వార్తల్లో నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టేది మొక్కల లెక్క. ఇన్ని వేల మొక్కలు నాటారు, ఇన్ని హెక్టార్లు పచ్చబడ్డాయి అంటారు. మడ అడవుల పెంపకానికి కేంద్రం 2023లో మొదలుపెట్టిన మిష్టి పథకం కూడా ఐదేళ్లలో సుమారు 540 చదరపు కిలోమీటర్లు అని లక్ష్యం పెట్టుకుంది. డబ్బు ఇచ్చేవాడికి ఒక అంకె కావాలి, అది నాకు అర్థమవుతుంది. అంకె లేకపోతే తీరానికి అసలు డబ్బే రాదని అనేవాళ్ల మాటనూ నేను కొట్టిపారేయను. కానీ నాటిన మొక్కకు బిల్లు వస్తుంది, తీసిన పూడికకు రాదు. నాటడానికి ఒక రోజు చాలు, ఫొటో కూడా బాగా వస్తుంది. పూడికకు ఏటా మనిషి కావాలి. ఊరి చెరువులో పూడిక తీస్తే ఉపాధి హామీ కూలి వస్తుంది. మడలోని కాలవకు ఆ కూలి రావడం మా వైపు నేను ఇంతవరకు చూడలేదు. అడవి అటవీశాఖది, పని పంచాయతీది, నీరు ఇంకొక శాఖది అనే గీతల మధ్య ఆ కాలవ ఎవరిదీ కాకుండా పోయింది.

విస్తీర్ణం పెరిగిందన్న మాటను కూడా కొంచెం ఆగి చూడాలి. 2021 నాటి అటవీ నివేదిక ఆంధ్రప్రదేశ్‌లో మడ అడవులు 405 చదరపు కిలోమీటర్లని చెప్పింది. ఇలాంటి ఒక్క అంకెలో చాలా కథలు కలిసిపోతాయి. హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ అడ్డుగా పెరిగి కాకినాడ ఉప్పుటేరు వైపు అలల జోరు తగ్గించింది కాబట్టి, దాని లోపలి అఖాతంలో ఒండ్రు పేరుకుని మడ తనంతట తానే ముందుకు జరుగుతోంది. అదే సమయంలో సముద్రానికి ఎదురుగా ఉన్న అంచు కోతకు గురై చెట్లు వేర్లతో సహా నీళ్లలో పడుతున్నాయి. ఒక చోట పెరిగింది, ఒక చోట పోయింది, మరొక చోట మనుషులు తవ్వితే తిరిగి వచ్చింది. ఈ మూడింటినీ కలిపేసి ఉపగ్రహం చూపించిన పచ్చదనానికి అందరూ పేరు పెట్టుకుంటే, తవ్వినవాడి పని ఎంతో ఎప్పటికీ తేలదు.

ఇంకొక భయం కూడా ఉంది. లక్ష్యం కోసం ఖాళీగా కనిపించిన ప్రతి చోటా నాటడం మొదలుపెడితే, శీతాకాలంలో దూరదేశాల నుంచి వచ్చి వాలే ఉల్లంకి పిట్టలకు మేత దొరికే బురద మైదానాలు కూడా అడవి ఖాతాలోకి పోతాయి. పాటు తీసినప్పుడు బయటపడే ఆ బురద దానికదే ఒక ఆస్తి. అందుకే మొదట అడగాల్సింది ఇక్కడ చెట్టు ఎందుకు లేదని. ఆ సమాధానం తెలిసింది వల కట్టేవాడికి.

ప్రజలు అంటే ఎవరు

ఇంతవరకు ఊరివాళ్లు అని ఒక్క మాటలో రాస్తూ వచ్చాను. ఆ మాట నాకే పూర్తిగా రుచించడం లేదు, ఎందుకంటే ఆ ఊళ్లో నేను చూసిన ఒక సంఘటన ఇంకా మనసులో ఉంది. సమితి ఏర్పడిన కొత్తలో మడలో కట్టెలు కొట్టడం నిషేధించారు. ఒక ముసలామె తిల్ల కట్టెల మోపుతో నాటుపడవ దిగుతుంటే కాపలా ఉన్న కుర్రాళ్లు ఆపారు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపు పోతుందని చిన్నపిల్లలకు కూడా తెలుసు, వంటకు అది మంచి కట్టె కాదనీ తెలుసు. అది కొట్టుకొచ్చిందంటే ఆమెకు ఇంకేమీ దొరకలేదని అర్థం. జరిమానా రాసినవాడు ఆమెకు స్వయానా అక్క కొడుకు. "నీ గ్యాసు పొయ్యి మీద నా గంజి కాచి పెట్టరా అయితే" అని ఆమె అన్న మాటకు అక్కడ ఎవరూ బదులు చెప్పలేదు.

నిషేధం అవసరమేనని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. పొయ్యికి, కంచెకు, పశువుల మేతకు నరుకుడు సాగి ఉంటే ఈ రోజు ఆ కాలవల పక్కన చెట్టే ఉండేది కాదు. కానీ ఆ నిషేధం భారం అందరి మీదా ఒకేలా పడలేదు. ముందు పడింది గ్యాసు లేని ఇళ్ల మీద, అంటే ఎక్కువగా ఆడవాళ్ల మీద. తర్వాత కాలవలు తవ్వినప్పుడు లాభం కూడా ముందు వాళ్లకే కనిపించింది. పడవా వలా లేని ఆడవాళ్లు పాటు వేళకు నడుములోతు నీళ్లలో దిగి, చేతులతో బురద తడుముతూ రొయ్యలు పట్టి నడుముకు కట్టుకున్న తాటాకు బుట్టలో వేసుకుంటారు. అంతకుముందు పర్రగా ఉన్న చోట కాలవ పడిన తర్వాత పోటుతో పాటు రొయ్యా చేపపిల్లా లోపలికి రావడం మొదలైంది, ఇంటికి దగ్గరలోనే పట్టు దొరికింది. ఆ సంగతి నాకు చెప్పిన ఆమె సమితి సమావేశాలకు వెళుతుంది గానీ ఎప్పుడూ మాట్లాడలేదట. "సంతకం పెట్టమంటే పెడతాం బాబూ, మాట అడిగితే కదా చెప్పడానికి" అంది.

2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర పేదల ఇళ్ల స్థలాల కోసం మడను కొట్టి నేల చదును చేయడం, అది గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు ఇల్లు కావాలా చెట్టు కావాలా అన్నట్టుగా వాదన నడిచింది. ఆ మడ పక్కనే బతుకుతూ అందులో పీత పట్టుకుని అమ్ముకునే మనిషికి ఇల్లూ లేదు. ఆ మనిషిని రెండు పక్షాల మధ్య నిలబెట్టి ఒకటి కోరుకొమ్మనడం నాకు న్యాయంగా అనిపించలేదు.

తుపాను గోడ

మడ అడవి తుపాను నుంచి కాపాడే గోడ అని మనం తేలిగ్గా రాసేస్తాం. 1977 నవంబరు 19న దివిసీమలో, 1996 నవంబరు 6న కోనసీమ తీరంలో ఏం జరిగిందో తెలిసిన వాళ్లకు ఆ మాట మీద నమ్మకం కలగడం సహజం. దట్టమైన మడ అలల శక్తిని విరుస్తుంది, అందులో సందేహం లేదు. అయినా తాటిచెట్టంత ఉప్పెన వస్తే పలచటి అడవి ఆపలేదని తీరంవాళ్లకు తెలుసు. 1996లో చనిపోయిన వెయ్యి మందికి పైగా జనంలో సముద్రం మీద ఉన్నవాళ్లు చాలామంది, వాళ్లకు ఏ చెట్టూ అడ్డం రాదు. గోడ అని చెప్పి అడవిని అమ్మజూపితే, గోడ ఆపలేని రోజున అడవి మీదే నమ్మకం పోతుంది. బాబాయ్ నాతో తుపాను సంగతి ఎత్తనే లేదు. రొయ్య గురించి, పీత గురించి, ఎర్రనీరు గురించి మాట్లాడాడు.

దాళ్వా నీరు

ఎర్రనీరు అంటే ఎగువ మట్టిని మోసుకొచ్చే వరద నీరు. ఆ నీరు మొగలో పడగానే సముద్రంలోని విలస చేప ఏటికి ఎదురెక్కి పులస అవుతుంది. అంతకంటే పెద్ద సంగతి, ఆ నీరు మడ నేలలోని ఉప్పును కడుగుతుంది, కొత్త ఒండ్రు పరుస్తుంది. తుపానులకూ వరదలకూ ఒకే మొహంతో భయపడే మనకు ఇది తట్టదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద లంకలను ముంచి జనాన్ని ఎంత ఏడిపించిందో మా ఇంట్లో ఇప్పటికీ చెబుతారు. ఆ ప్రవాహమే చిన్న మోతాదులో వచ్చే మామూలు ఏడాదుల్లో మొగకు ఆహారం.

ఆ ఆహారం తగ్గుతోంది. గోదావరి నీటిలో తేలుతూ వచ్చే ఒండ్రు 1970లలో ఏడాదికి సగటున 15 కోట్ల టన్నులు ఉండగా, 1990లకు 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని ఆంధ్రా తీరాన్ని అధ్యయనం చేసిన పరిశోధకులు లెక్కకట్టారు. ఎగువన కట్టిన ప్రతి జలాశయమూ కొంత మట్టిని తన అడుగున దాచుకుంటుంది. సముద్రం తన వంతు కోత మానదు, నది తన వంతు మట్టి తేలేదు. తీరం అంచున చెట్లు పడిపోవడానికి ఇదొక ముఖ్యమైన కారణం. దీన్ని ఏ గ్రామ సమితీ పారతో సరిచేయలేదు.

వరదరోజులు అలా ఉంటే, సంక్రాంతి దాటిన తర్వాత తొలకరి దాకా ధవళేశ్వరం గేట్ల కిందికి నీరు వదలడం దాదాపు ఉండదు. నదిలో ఉన్న కొద్ది నీరూ డెల్టా కాలవల్లోకి, దాళ్వా వరికి, అంటే రబీ పంటకు పోతుంది. యానాం దగ్గర గౌతమి నుంచి విడిపోయే కోరంగి పాయలో ఆ నెలల్లో ఉండేదంతా సముద్రపు నీరే. అంటే ఆ ఐదారు నెలలు మడకు మిగిలిన ఏకైక కదలిక పోటూ పాటూ మాత్రమే. చేపముల్లు కాలవలు అంత ముఖ్యమైనవి కావడానికి కారణం ఇదే అని నాకు ఇప్పుడు అర్థమవుతోంది. నది రావడం మానేసిన నెలల్లో ఆ లోటును ఊరివాళ్లు చేత్తో తవ్విన కాలవ పూడుస్తోంది.

ఇక్కడ నేను ఒక విషయం దాచకుండా చెప్పాలి. మా నాన్నగారి రెండెకరాలు డెల్టా కాలవ కిందివే. నేను చదువుకున్న చదువులో దాళ్వా పంట డబ్బు ఉంది. ఏప్రిల్‌లో చివరి తడి అందక చేను నెర్రెలిచ్చిన ఏడాది ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినని రోజులు నేను చూశాను. కాటన్ ఆనకట్ట కట్టక ముందు ఈ జిల్లా కరువుతో ఊళ్లు ఖాళీ చేసిందన్నదీ నిజం. సుమారు 10 లక్షల ఎకరాలకు నీరిచ్చే డెల్టాలో నిలబడి, మొగకు నీరు వదలండి అనడం ఎంత బరువైన మాటో నాకు తెలుసు. శివారు రైతు దగ్గరికి వెళ్లి ఆ మాట చెప్పే ధైర్యం నాకు లేదు కూడా.

అయినా చెప్పకుండా ఉండలేను. ఎందుకంటే మనం అనే "వృథా" అన్న మాటలో రైతుకు కావలసిన నీరు ఒక్కటే లేదు. కొత్త కాలవలు, కొత్త ఎత్తిపోతలు, కొత్త అనుసంధానాలు అన్నీ ఆ మాట మీదే నిలబడుతున్నాయి. ఇంత నీరు ఉంది, ఇంత మిగులుంది అని రెండు రాష్ట్రాలూ కాగితాలు పరిచినప్పుడు, మొగకు ఇంత అవసరం అని రాసిన గడి అందులో కనిపించదు. గడే లేనిచోట మిగతాదంతా మిగులే అవుతుంది. దాళ్వాకు ముందు జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశం జరుగుతుంది. ప్రజాప్రతినిధులు, అధికారులు, రైతుల తరఫు వాళ్లు కూర్చుని ఎన్ని ఎకరాలకు నీరివ్వగలమో నిర్ణయిస్తారు. ఆ సమావేశం వార్త నేను ఏటా చదువుతాను. అందులో మొగ దగ్గరి మత్స్యకారులు కూర్చున్నట్టు గానీ, మడ అడవి ప్రస్తావన వచ్చినట్టు గానీ ఇంతవరకు చదవలేదు. అక్కడ రెండు కుర్చీలు వేస్తే, ఒకటి ఆ తాటాకు బుట్ట ఆమెకు వేస్తే, మొదటి ఏడాదే నీరు వచ్చేస్తుందని నేను అనుకోవడం లేదు. ఎండాకాలంలో ఎన్ని రోజులు ఎంత వదిలితే పాయ కాస్త తీపెక్కుతుంది, శివారు చేనుకు దెబ్బ తగలకుండా అది ఏ వారంలో వీలవుతుంది అన్న లెక్క ఎవరో ఒకరు వేయడం మొదలవుతుంది. రైతూ జాలరీ ఎదురెదురుగా కూర్చుంటే ఆ లెక్క నిజాయితీగా సాగుతుందని మాత్రం నమ్ముతున్నాను. ఇద్దరూ ఒకే ఏటి మీద బతుకుతున్నవాళ్లు, వాళ్ల మధ్య పెళ్లి సంబంధాలు లేకపోయినా సంతలో బియ్యమూ చేపా మారకం ఎప్పటి నుంచో ఉంది.

ఇలా అంటే, మొగ ఎప్పుడూ ఒకేలా ఉన్నది కాదు కదా అని ఒక మిత్రుడు అన్నాడు. ఒకప్పుడు బర్మాలో తెలుగువాళ్లందరికీ కోరంగీలు అన్న పేరు రావడానికి కారణమైన రేవు ఇక్కడే ఉండేది. 1839 తుపానుతో అది దెబ్బతింది, పాయ పూడిపోయి ఓడలు కాకినాడకు మళ్లాయి. నది తన దారి తాను మార్చుకుంటుంది, దాన్ని ఒక ఫొటోలా ఆపి ఉంచాలని నేనూ అనడం లేదు. రేవును ముంచినప్పుడు గోదావరి మట్టి తెచ్చి ముంచింది, ఆ మట్టి మీదే మడ లేచింది. ఇప్పుడు జరుగుతున్నది వేరు. ఇప్పుడు అది తేవడమే మానేస్తోంది.

ఆ రోజు పూడికతీత పదకొండు గంటలకు ముగిసింది. పున్నమి దగ్గరలో ఉంది కాబట్టి పోటు జోరుగానే వస్తుందని బాబాయ్ అన్నాడు, గట్టు మీద కూర్చుని ఎదురుచూశాం. మొదట పెద్ద కాలవ అడుగున నురగతో ఒక సన్నటి ధార కదిలింది, తర్వాత పిల్లకాలవలు ఒక్కొక్కటే నిండాయి. గత ఏడాది మూసుకుపోయిన చివరి కాలవలోకి కూడా నీరు ఎక్కి, నాలుగాకుల తెల్లమడ మొక్క మొదలు దాకా వచ్చి ఆగింది. కుర్రాళ్లు కేక వేశారు. నేను వంగి దోసిట్లోకి నీళ్లు తీసుకుని రుచి చూశాను. మే నెల కావడంతో అందులో గోదావరి ఏమీ లేదు.